మా ఇంటిలో వై-ఫై

పూర్వము ఇల్లు కట్టుకొనేవారు గోడలకు కొలతలు వేయకముందే బావి ఎక్కడ, పొయ్యి ఎక్కడ, దీపపు గూడు ఎక్కడ అని ఆలోచించేవారు. నీరు, నిప్పు, వెలుతురు అనే ఈ మూడింటికి స్థానము కుదిరిన పిమ్మటనే తక్కిన గదుల ప్రసక్తి వచ్చేది. నేటి ఇంటికి ఈ మూడింటితోపాటు నాలుగవది ఒకటి వచ్చి చేరినది. అది కంటికి కనిపించదు, చేతికి తగలదు. 1999వ సంవత్సరములో దానికి వై-ఫై అని నామకరణము జరిగినది. దానిని ఇల్లంతా వెదజల్లే చిన్న పెట్టెను రౌటరు అంటారు. ఆ పెట్టెను ఇంటిలో ఎక్కడ పెట్టవలెననేది చూడడానికి అల్పమైన ప్రశ్న. కాని ఆ ప్రశ్నకు మనము చెప్పే సమాధానమును బట్టి ఇంటిలో ఎవరి చదువు సాగుతుందో, ఎవరి చదువు ఆగుతుందో తేలిపోతుంది. ఇది నేను గ్రంథములలో చదివి చెప్పే మాట కాదు, మా ఇంటిలో కన్నులారా చూచి చెప్పే మాట.

మా ఇల్లు కర్నూలు పాతనగరములో, తుంగభద్రకు అంత దూరము కాని ఒక సందులో ఉన్నది. మా తాతగారు కట్టించిన ఇల్లు. రాతిగోడలు, సున్నపు పూత, నేలమీద బేతంచెర్ల నాపరాయి. గోడల మందము దాదాపు రెండు అడుగులు. కర్నూలు ఎండలు ఎటువంటివో తెలిసినవారికి ఆ మందము విలువ వేరుగా చెప్పనక్కరలేదు. వీధివైపు దీవాన్‌ఖానా, దాని వెనుక నడిమిల్లు, ఆ వెనుక ఒక చిన్న గది, ఆపైన పెరడు. అబ్బా ఉద్యోగ విరమణ చేసిన తరువాత దీవాన్‌ఖానా ఆయన సామ్రాజ్యమైనది. సాయంకాలము నలుగురు పెద్దలు వచ్చి కూర్చుంటారు, చాయ్ వస్తుంది, లోకాభిరామాయణము సాగుతుంది. నడిమిల్లు అమ్మీది, దాదీది. వెనుక గది మా చెల్లెలిది.

మా చెల్లెలు బి.ఎడ్. పూర్తిచేసి ఉపాధ్యాయ నియామకపు పరీక్షకు, అంటే మనమందరము డి.ఎస్సీ. అని పిలిచే పరీక్షకు చదువుతున్నది. ఆ పరీక్ష ఇప్పుడు కాగితముమీద కాక కంప్యూటరుమీద వ్రాయవలసినది. పాఠములు, పాత ప్రశ్నపత్రములు, మాదిరి పరీక్షలు అన్నీ అంతర్జాలములోనే ఉన్నవి. ఇంటిలో ఆమెకు ఉన్న ఆధారము ఒక చిన్న ఫోను, రోజుకు ఇంత అని లెక్కపెట్టి ఇచ్చే డేటా. మధ్యాహ్నము ఒక వీడియో పాఠము చూచేసరికి ఆనాటి డేటా హరించుకొని పోయేది. ఉన్నంత సేపైనా వెనుక గదిలో సిగ్నలు అందక, మిద్దె మెట్లమీద కూర్చుండి ఎండలో కొంగు ముఖమునకు అడ్డుపెట్టుకొని చదివేది. కువైట్‌లో ఉన్న మా అన్న ముఖము చూడవలెనని అమ్మీ కోరినప్పుడల్లా అదే ఫోను, అదే డేటా. తల్లి ముచ్చటకు, చెల్లెలి చదువుకు మధ్య ఒక ఫోను నలిగిపోవడము నేను ప్రతిదినము చూచినాను. ఇంటిలో కనెక్షను పెట్టించవలెనని నిశ్చయించుకొన్నది అందువలననే.

ఒక శుక్రవారము సాయంత్రము కంపెనీవారి కుర్రవాడు తీగచుట్టతో వచ్చినాడు. వీధి స్తంభమునుండి మా ఇంటివరకు లాగినది రాగి తీగ కాదు, గాజు తీగ. దానిలో ప్రాణమైన గాజు పోగు మన తలవెంట్రుకకు ఇంచుమించు సమానమైన సన్నదనము కలది. ఆ పోగులో విద్యుత్తు ప్రవహించదు, వెలుగు ప్రయాణిస్తుంది. గోడవద్ద ఒక పెట్టె ఆ వెలుగును విద్యుత్సంకేతములుగా మారుస్తుంది, రౌటరు ఆ సంకేతములను రేడియో తరంగములుగా చేసి గాలిలోకి వదులుతుంది. చాల ఇండ్లలో ఈ రెండు పనులు ఒకే పెట్టె చేస్తుంది. మా ఇంటికి వచ్చినది అటువంటిదే. గాజు తీగను ఎక్కువగా వంచితే వెలుగు బయటికి జారిపోతుంది, కనుక మూలలలో మడతపెట్టక విశాలముగా తిప్పవలెనని ఆ కుర్రవాడు అమ్మీకి వివరముగా చెప్పినాడు. పెట్టెను దీవాన్‌ఖానాలో వీధి కిటికీ ప్రక్కనే బిగించి, సంతకము తీసుకొని వెళ్ళిపోయినాడు.

అబ్బాకు ఆ స్థానము ఎంతో సమ్మతమైనది. "టెలిఫోను ఉన్న రోజులలో అది కూడ ఇక్కడే ఉండేది బేటా. పదిమంది కండ్ల ముందు ఉండే వస్తువు పద్ధతిగా ఉంటుంది" అన్నారు. ఈ మాటలో పెద్దరికము మాత్రమే కాదు, ఒక భయము కూడ ఉన్నది. ఆ భయమును నేను తేలికగా తీసివేయలేను. అంతర్జాలములో విద్య ఎంత ఉన్నదో వ్యర్థము అంత ఉన్నది, మోసము అంతకంటె ఎక్కువ ఉన్నది. పింఛనుదారులకు దొంగ ఫోనులు చేసి బ్యాంకు సొమ్ము కాజేసే కాలమిది. ఇంటి పెద్ద జంకడము సహజము.

కాని గోడలకు మన భయములతో పని లేదు. వాటి ధర్మము వేరు. ఆ రాత్రి వెనుక గదిలో చెల్లెలు పుస్తకము తెరచి, ఫోను చేతబట్టి చూచినది. సిగ్నలు గీతలలో ఒక్కటి వెలిగి ఆరిపోయినది. నడిమింటిలో అన్నతో మాట్లాడుతున్న అమ్మీకి ముఖము కనిపిస్తే మాట వినిపించలేదు, మాట వినిపిస్తే ముఖము నిలిచిపోయినది.

దీనికి కారణము విద్యార్థులు తెలిసికొనదగినది. రేడియో తరంగములన్నీ ఒక్క తీరువి కావు. కడప ఆకాశవాణి మధ్యతరహా ప్రసారముల తరంగము పొడవు వందల మీటర్లు. అది గుట్టలను, గోడలను లక్ష్యపెట్టక జిల్లాలు దాటి వస్తుంది. ఇండ్లలో సాధారణముగా వాడే వై-ఫై తరంగములు రెండు రకములు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగము పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్ తరంగము పొడవు సుమారు ఆరు సెంటీమీటర్లు. మొదటిది గోడలను కొంత మెరుగుగా దాటుతుంది, కాని వేగము తక్కువ. రెండవది వేగము కలది, కాని గోడ అడ్డమువస్తే త్వరగా నీరసిస్తుంది. ఇటుకగోడ ఒకటి ఐతే సర్దుకోవచ్చును. రెండు అడుగుల రాతిగోడలు రెండు వరుసగా నిలిచినచోట ఏ తరంగమైనా డీలాపడవలసినదే. ఇనుప బీరువా, నిలువుటద్దము, నీళ్ళ తొట్టి కూడ ఈ తరంగములకు శత్రువులే. వంటింటి మైక్రోవేవ్ పొయ్యి కూడ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతములోనే పనిచేస్తుంది గనుక, అది నడుస్తున్నంత సేపు ప్రక్కనున్న వై-ఫై తడబడవచ్చును.

గోడలను దాటించడమనే ఈ విద్యకు మన దేశములో ఘనమైన చరిత్ర ఉన్నది. 1890ల దశకములోనే కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు చాల పొట్టి రేడియో తరంగములను పుట్టించి, గోడలను దాటించి, దూరముగా ఉన్న గంటను మ్రోగించి చూపినాడు. నేటి వై-ఫైకి ఆధారమైన 802.11 ప్రమాణము వెలువడినది 1997లో. భారతదేశములో 2.4 గిగాహెర్ట్జ్ తరంగములను తక్కువ శక్తితో వాడుకొనడానికి లైసెన్సు అక్కరలేదని కేంద్ర ప్రభుత్వము నియమములు చేసినది 2005లో. ఒకప్పుడు ఇంటిలో రేడియో పెట్టె ఉంచుకొనడానికి తపాలా కార్యాలయములో రుసుము చెల్లించి లైసెన్సు పుస్తకము తెచ్చుకొనేవారు. మా తాతగారి రేడియో లైసెన్సు పుస్తకము నా చిన్నతనములో చూచిన గుర్తు. నేడు మన ఇంటిలోనే ఒక చిన్న ప్రసారకేంద్రమును ఏ అనుమతి లేకుండ నడుపుకొంటున్నాము. స్వేచ్ఛ ఇంత దగ్గరకు వచ్చిన తరువాత, అది వెనుక గదివరకు రాకపోవడము న్యాయమా?

మరునాడు చెల్లెలు ఒక పని చేసినది. వాదనకు దిగలేదు, అలుగలేదు. నోటుపుస్తకములో ఇంటి పటము గీసి, ఫోను పట్టుకొని గదిగదికీ తిరిగి, వేగము కొలిచి వ్రాసినది. దీవాన్‌ఖానాలో 38, నడిమింటిలో 9, వెనుక గదిలో ఒకటి, తలుపు మూస్తే సున్న. ఆ కాగితమును అబ్బా ముందు ఉంచి ఇలా అన్నది: "అబ్బా, పెట్టె ఎక్కడైనా ఉండనీండి. నా పుస్తకాలున్న చోటికి వై-ఫై అన్నా రావాలి, లేకుంటే నా పుస్తకాలన్నా దీవాన్‌ఖానాకు రావాలి. రెండింటిలో ఏది మీకు సమ్మతమో చెప్పండి."

అబ్బా ఆ కాగితమును చాలసేపు చూచినారు. సాయంకాలము స్నేహితులు కూర్చుండే గదిలో, వారి నడుమ కూతురు పుస్తకములు పరచుకొని చదవడము జరుగదని ఆయనకు తెలుసు. ఆమెకూ తెలుసు. కనుక ఆ ప్రశ్న పెట్టె గురించినది కాదు. దీవాన్‌ఖానాకు వచ్చే వీలులేని మనిషికి ఇంటిలోని విద్య దక్కుతుందా దక్కదా అన్నదే ఆ ప్రశ్న. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. దాదీ మాత్రము మంచముమీదనుండి, "గోడకు కన్నము పెట్టేమాటైతే నేనొప్పను. అది మీ తాత నిలువుకాళ్ళమీద నిలబడి కట్టించిన గోడ" అని ముందే హెచ్చరించినది.

మరునాటి ఉదయము అబ్బా చెప్పులు వేసుకొంటూ నన్ను అడిగిన మాట ఒక్కటే: "తీగ ఎన్ని మీటర్లు కావాలి?" నాకు సమాధానము దొరికినది. నిచ్చెన వేసి కొలిచినాము. గోడలకు కన్నము పెట్టే అవసరము లేకపోయినది. పాత ఇండ్లలో తలుపులపైన గాలి కొరకు వెంటిలేటర్లు ఉంటాయి. మా తాతగారు గాలికని వదలిన ఆ దారినే తీగ వెళ్ళినది. దాదీకి కూడ అభ్యంతరము లేకపోయినది.

మేము చేసిన పద్ధతి పాత ఇండ్లలో నివసించే మీకు ఉపయోగపడవచ్చునని ఇక్కడ వివరిస్తున్నాను. గాలిలో తరంగము గోడను దాటలేకపోతే, గోడవరకు తీగమీద ప్రయాణించి, గోడకు అవతల మరల గాలిలోకి రావలెను. దీనికి కావలసినవి రెండు. ఒకటి నెట్‌వర్క్ తీగ. ఇది వంద మీటర్లవరకు ఏ లోపము లేకుండ పనిచేస్తుంది. మాకు ఇరవై మీటర్లు సరిపోయినది. రెండవది మరొక చిన్న రౌటరు. మొదటి పెట్టెలోని ల్యాన్ రంధ్రమునుండి తీగను తెచ్చి రెండవ పెట్టెలోని ల్యాన్ రంధ్రములోనే పెట్టవలెను. రెండవ పెట్టెకు చిరునామాలు పంచే పని, అంటే డి.హెచ్.సి.పి. అనే ఏర్పాటు, మాన్పించవలెను. ఒకే వీధికి ఇద్దరు మనుషులు ఎవరికి తోచినట్లు వారు ఇంటినెంబర్లు వేసుకొంటూ పోతే ఉత్తరములు ఎవరికి చేరుతాయి? ఇదీ అంతే. మొదటి పెట్టె చిరునామా 192.168.1.1 ఐతే, రెండవదానికి 192.168.1.2 అని వేరుగా ఇవ్వవలెను. రెండింటికి ఒకే పేరు, ఒకే రహస్యపదము పెడితే ఫోను ఒక గదినుండి మరొక గదికి పోయినప్పుడు తనంతట తానే దగ్గరి పెట్టెను పట్టుకొంటుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానినొకటి ఒరసుకొనని దారులు 1, 6, 11 అనే మూడు. ఒక పెట్టెకు 1, రెండవదానికి 6 ఇచ్చినాము. కరెంటు పోయినప్పుడు రెండూ ఆరిపోకుండ చెరియొక చిన్న బ్యాటరీ పెట్టె అమర్చినాము.

ఈ ఏర్పాట్లన్నీ ఫోనుమీదనే చేసినది మా చెల్లెలు. నేను నిచ్చెన పట్టుకొన్నాను. అబ్బా మేకులు అందించినారు. అంతా ముగిసిన తరువాత ఆమె మరల అదే నోటుపుస్తకము తీసి వెనుక గదిలో వేగము కొలిచినది. 36. ఆ సంఖ్యను వ్రాసి, క్రింద ఒక గీత గీసి, పుస్తకము మూసి, మారుమాట లేకుండ చదువుకొనడానికి కూర్చున్నది.

ఇక తాళముచెవి సంగతి. వై-ఫైకి రహస్యపదము తాళముచెవి వంటిది. పెట్టెతోపాటు కంపెనీవారు ఇచ్చే పదమును అట్లే ఉంచరాదు. పెట్టె లోపలి ఏర్పాట్లను మార్చే మరొక పదము వేరుగా ఉంటుంది. దానిని కూడ మార్చవలెను. పేరు, పుట్టినతేది, ఫోను నెంబరు వంటివి పెడితే ఎవరైనను ఊహిస్తారు. సంబంధము లేని నాలుగు మాటలను కలిపి పొడవుగా పెడితే మనకు గుర్తుంటుంది, పరులకు అందదు. రక్షణ పద్ధతులలో 2004లో వచ్చిన డబ్ల్యు.పి.ఎ. 2, దాని తరువాత 2018లో వచ్చిన డబ్ల్యు.పి.ఎ. 3 నమ్మదగినవి. అంతకు పూర్వపు పద్ధతులను వాడరాదు. మా ఇంటిలో ఈ తాళముచెవి ఎవరివద్ద ఉండవలెనన్న ప్రశ్న కూడ వచ్చినది. "ఎక్కువగా చదివేవారి దగ్గర ఉంటుంది" అని అమ్మీ తీర్పు చెప్పినది. అబ్బా ఒక్క షరతు పెట్టినారు, రాత్రి పదకొండు గంటలకు ఆగిపోవలెనని. చెల్లెలు దానికి వేళలు నియమించి, "ఉదయము నాలుగు గంటలకు తెరుచుకొనేటట్లు కూడ పెట్టినాను అబ్బా, నేను లేచేది అప్పుడే" అన్నది. ఆ మాటకు ఆయన నవ్వినారు.

వారము తిరుగకముందే ప్రక్కింటి చిచ్చా కుమారుడు పదవ తరగతి పరీక్షలని చెప్పి రహస్యపదము అడగడానికి వచ్చినాడు. ఇవ్వనంటే పొరుగుతనము చెడుతుంది, ఇస్తే ఆ కనెక్షనులో జరిగే ప్రతి పనికి మన పేరే జవాబు చెప్పవలసి వస్తుంది. చెల్లెలు మధ్యేమార్గము కనిపెట్టినది. రౌటరులో అతిథుల కొరకు వేరుగా ఒక పేరు, వేరుగా ఒక పదము పెట్టుకొనే సదుపాయము ఉన్నది. దానిలో వచ్చినవారికి అంతర్జాలము అందుతుంది, మన ఇంటి ఫోనులు, కంప్యూటర్లు కనిపించవు. పరీక్షలు అయ్యేవరకు, సాయంకాలము రెండు గంటలసేపు, మా దీవాన్‌ఖానాలో కూర్చుండి చదువుకొనేటట్లు ఏర్పాటు చేసినది. ఇప్పుడు అబ్బా స్నేహితుల కబుర్ల ప్రక్కనే ఒక పిల్లవాడు లెక్కలు చేసుకొంటూ ఉంటాడు. వారు గొంతు తగ్గించి మాట్లాడుకొంటారు.

తెలుగు బోధించే నాకు ఈ కనెక్షను మరొక మేలు చేసినది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచెత్తినప్పుడు మా తాతగారి పుస్తకముల పెట్టె నీటిపాలైనది. తెలుగు, ఉర్దూ రెండు భాషల పుస్తకములు అందులో ఉండేవి. బురదలో అట్టలు ఊడి, పుటలు ముద్దయి, ఎండబెట్టినా విడిపోలేదు. ఆ పుస్తకములు తిరిగి రావు. కాని నేడు ఆంధ్రభారతిలో శబ్దరత్నాకరము, బ్రౌణ్యము మొదలైన నిఘంటువులు ఒకేచోట వెదకవచ్చును. రేఖ్తాలో వేలకొలది ఉర్దూ పుస్తకములు చదువవచ్చును. 2017లో ప్రారంభమైన స్వయం అనే ప్రభుత్వ వేదికలో విశ్వవిద్యాలయ స్థాయి పాఠములు వినవచ్చును. ఒక రాత్రి దాదీ కోరగా తాతగారు చదివే ఒక పాత దీవాను రేఖ్తాలో వెదకి చూపించినాను. అక్షరములు పెద్దవి చేసి, వ్రేలితో పుట త్రిప్పుతూ ఆమె చాలసేపు మాటలాడలేదు.

2019లో కేరళ ఉన్నత న్యాయస్థానము ఒక తీర్పు చెప్పినది. కళాశాల వసతిగృహములో చదువువేళ ఫోను వాడరాదన్న నియమమును ప్రశ్నించిన ఒక విద్యార్థిని విషయములో, అంతర్జాలమును పొందే హక్కు విద్యాహక్కులో, ఆంతరంగికతా హక్కులో భాగమని న్యాయస్థానము భావించినది. ఆ తీర్పు సంగతి తెలిసినప్పుడు నాకు మా చెల్లెలి నోటుపుస్తకములోని ఇంటి పటము గుర్తుకు వచ్చినది. న్యాయస్థానము హక్కు ఉన్నదని చెప్పగలదు. ఆ హక్కు ఏ గదివరకు చేరుతున్నదో కొలిచి చూడవలసినది మనమే.

విద్యార్థి మిత్రులారా! మీ ఇంటిలో కనెక్షను ఉన్నట్లయితే ఈ వేసవి సెలవులలో ఒక పని చేయండి. ఇంటి పటము గీయండి. ఏ గదిలో ఎంత వేగమున్నదో కొలవండి. ఏ గదిలో ఎవరు చదువుకొంటారో ప్రక్కన వ్రాయండి. వేగమున్నచోట చదువు లేకపోతే, చదువున్నచోట వేగము లేకపోతే, పెట్టెను ఇంటి నడుమకు, వీలైనంత ఎత్తుకు మార్చండి. మార్చలేకపోతే తీగ లాగండి. పెద్దలతో తగవు పడవద్దు. కాగితము వారి ముందు ఉంచండి. లెక్కకు ఉన్న మర్యాద కోపమునకు లేదు.

కళాశాల పాలకవర్గమువారికి కూడ ఒక మనవి. 2020లో కళాశాలలు మూతపడి పాఠములన్నీ ఫోనులకు చేరినప్పుడు, హాజరుపట్టికలో మొదట కనుమరుగైన పేర్లు ఎవరివో మనమందరము చూచినాము. మన కళాశాలలో కార్యాలయములో, ప్రిన్సిపాలుగారి గదిలో వై-ఫై చక్కగా అందుతున్నది. గ్రంథాలయములో కిటికీ ప్రక్క ఒక బల్లవరకు అందుతున్నది. విద్యార్థినుల విశ్రాంతి గదికి ఇంకా చేరలేదు. కార్యాలయమునుండి ఆ గదికి వరండా వెంబడి పోతే వంద మీటర్లు లేదు. ఒక తీగచుట్ట, ఒక చిన్న పెట్టె, ఒక పూట పని. అక్కడ కూర్చుండి బస్సు వచ్చేవరకు చదువుకొనే అమ్మాయిలలో రేపటి ఉపాధ్యాయినులు, వైద్యులు ఎందరున్నారో మనకు తెలియదు. ఆ తీగ లాగే రోజున నిచ్చెన పట్టుకొనడానికి నేను సిద్ధముగా ఉన్నాను.